బైండరమ్మ తుడిచిన అంకెలు

బైండరమ్మ సాధించిన మొట్టమొదటి విజయం ఏమిటంటే, ఒక పుస్తకాన్ని తెరిచి ఉంచడం. నవ్వకండి. బల్లమీద పెట్టి, సరిగ్గా మధ్యకి తెరిచి, చేతులు రెండూ వెనక్కి తీసుకున్నాక కూడా ఆ పుస్తకం మూసుకోలేదు. పుటలు పైకి లేవలేదు. పరిచిన చాపలా వెల్లకిలా పడి ఉంది. ఇందులో ఏం గొప్పుందంటారా? మీ ఇంట్లో లావుపాటి పుస్తకం ఒకటి తీసి అలా పెట్టి చూడండి. చెయ్యి తియ్యగానే టపీమని మూసుకోకపోతే అప్పుడు మాట్లాడుకుందాం. ఆ ఒక్కటి సాధించడానికి ఆమెకి ఏడు నెలలు పట్టింది. పదకొండు పుస్తకాలు కుట్టి విప్పింది, విప్పి కుట్టింది. పన్నెండోది మాట విన్నది.

ఆమె పనిచేసేది విశ్వవిద్యాలయం లైబ్రరీలో, నేలకింది గదిలో. మెట్లు దిగి, పాత పత్రికల గుట్టలు దాటి, కుడివైపు తిరిగితే మైదా జిగురు వాసన తగులుతుంది. ఆ వాసన పట్టుకుని వెళ్తే చాలు, తలుపు మీద బోర్డు అక్కర్లేదు. లోపల పొడవాటి బల్ల, ఇనుప ప్రెస్సు, కాగితాలు కోసే యంత్రం, దారపు కండెలు, అట్టల దొంతరలు. గోడకి బాగా పైన, కప్పుకి ఆనుకుని రెండు కిటికీలు. బయటి నేల సరిగ్గా ఆ కిటికీల అంచుకి ఉంటుంది కాబట్టి, వాటిలోంచి కనిపించేవి నడిచేవాళ్ల పాదాలే. ఇరవై ఆరేళ్లుగా ఆమె విశ్వవిద్యాలయాన్నంతా చెప్పుల్ని బట్టే ఎరుగును. ఎదురుపడితే వైస్ ఛాన్సలర్ని గుర్తుపట్టలేకపోవచ్చు గానీ, ఆయన ఎడమ బూటు మడమ అరిగిందని మాత్రం మీకు చెప్పగలదు.

ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివింది. ఏడేళ్లూ క్లాసులో ఫస్టే, ఇది రికార్డులో ఉంది. తర్వాత మేనమామ ఆమెని తన దగ్గరికి తెచ్చుకుని పని నేర్పాడు. అదే గదిలో అదే బల్ల దగ్గర ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసిన మనిషి ఆయన. నోరు తిడుతూనే ఉండేది, చెయ్యి నేర్పుతూనే ఉండేది. ఆయన రాసి గోడకి అంటించిన రూల్స్‌లో మొదటిది ఇదీ: పుస్తకం కుట్టే ముందు ప్రతి పుటా శుభ్రం కావాలి. చదివే పిల్లలు ఊరుకుంటారా? గీతలు గీస్తారు, ప్రశ్న గుర్తులు పెడతారు, బొమ్మలకి మీసాలు దిద్దుతారు. అవన్నీ మెత్తటి రబ్బరుతో, మధ్య నుంచి అంచుకి, ఎప్పుడూ ఒకే వైపుకి తుడవాలి. "నీ చేతిలోంచి వెళ్లిన పుస్తకంలో పెన్సిల్ గీత కనిపించిందా, నా పేరు ఎత్తకు," అనేవాడు. ఆమె ఆ మాట తప్పలేదు. లెక్క చెప్పమంటే చెబుతాను: ఇప్పటికి పదకొండు వేల నాలుగు వందల పుస్తకాలు. పైపు పగిలి నీళ్లొచ్చిన ఏడాది తడిసిన నాలుగు వందల పుస్తకాల్ని పుటపుటకీ కాగితం పెట్టి ఆరబెట్టి, ఒక్కటి కూడా బూజు పట్టనివ్వకుండా బతికించిందీ ఆమే. ఆ సంగతి లైబ్రరీ వార్షిక నివేదికలో పధ్నాలుగో పుటలో ఉంది. కాకపోతే పేరు లేదు, "సిబ్బంది" అని ఉంది. సిబ్బంది అంటే ఆమె ఒక్కతే.

ఇక ఆ తెరుచుకునే పుస్తకం సంగతి. విశ్వవిద్యాలయంలో ఏటా ఏడు కచేరీలు జరుగుతాయి. బయటి నుంచి పేరున్న వాద్యకారుల్ని అతిథులుగా పిలిపించి వాయింపిస్తారు. ఆ కచేరీలన్నీ చూసుకునేది సంగీత శాఖలో ఒక సన్నపాటి మాస్టారు. అందరూ కచేరీల మాస్టారు అంటారు. ఆయన వస్తుంటే బైండరమ్మకి ముందే తెలుస్తుంది. గోధుమరంగు బూట్లు, కుడిదానికి కిర్రుమనే చప్పుడు. పన్నెండేళ్ల కిందట ఒకరోజు ఆ కిర్రు మెట్లు దిగి లోపలికే వచ్చేసింది. ఆయన చేతిలో ఒక స్వరాల పుస్తకం, చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో.

"ఇది పుస్తకమా, ఎలుకల బోనా?" అన్నాడు. "నిన్న పియానో ఆయన వాయిస్తుంటే మధ్యలో మూసుకుపోయింది. ఆయన పాపం ఒక మోచేత్తో దీన్ని నొక్కిపట్టి, మిగిలిన చేత్తో ముగించాడు. జనం అదేదో కొత్త పద్ధతి అనుకుని చప్పట్లు కొట్టారు!"

బైండరమ్మకి తల కొట్టేసినట్టయింది. తను గట్టిగా, నిండుగా జిగురు పెట్టి కుట్టిన పుస్తకం అది. వందేళ్లు ఊడదని మురిసిపోయిన పుస్తకం. వాయించేవాళ్లకి రెండు చేతులూ ఖాళీ ఉండవనీ, వాళ్ల పుస్తకం తనంతట తాను తెరుచుకుని ఉండాలనీ ఆమెకి ఎవరు చెప్పారు? ఆ రోజు నుంచే మొదలుపెట్టింది. దారం సన్నం చేసింది. జిగురు తగ్గించింది. చివరికి పుస్తకం వెన్నుకీ బయటి అట్టకీ మధ్య సన్నటి కాగితపు గొట్టం ఒకటి పెట్టింది. తెరిచినప్పుడు వెన్ను లోపలికి వంగుతుంది, అట్ట బయటే నిలుస్తుంది, మధ్యలో గొట్టం నోరు తెరుస్తుంది. అదే కీలకం. ఆనాటి నుంచీ సంగీత శాఖలో మూడు వందల పది స్వరాల పుస్తకాలు ఆమె చేతిమీదుగా పోయాయి. ఒక్కటి మూసుకుపోలేదు. ఇందులో తమాషా ఏమిటంటే, అన్ని పుస్తకాలు కుట్టిన మనిషి ఒక్క కచేరీ కూడా విన్నది లేదు. "మనకెందుకు లెద్దూ, అది వాళ్ల వ్యవహారం," అనేది. అతిథుల్ని కూడా ఆమె కిటికీలోంచి బూట్లుగానే చూసింది.

ఈ ఏడాది జనవరి ఆఖరు శుక్రవారం, సాయంత్రం నాలుగింటికి కిటికీలో ఒక జత ఎర్ర గుడ్డ బూట్లు కనిపించాయి. చిన్నపిల్లలు పరుగుకి వేసుకునే రకం. వాటి పక్కనే కిర్రుకిర్రుమని గోధుమరంగు బూట్లు. ఎర్ర బూట్లు ముందు, గోధుమ బూట్లు వెనక. కాసేపటికి మాస్టారు ఒక్కడే ఆయాసపడుతూ కిందికి వచ్చాడు.

"అమ్మా, రేపు సాయంత్రం ఏడింటికి కచేరీ. చెల్లో పెద్దావిడ వచ్చారు, ఇవాళే దిగారు. చెల్లో తెలుసుగా, వయొలిన్‌కి పెద్దక్కలా ఉంటుంది, నేలమీద ఆనించి మోకాళ్ల మధ్య పెట్టుకుని వాయిస్తారు. డెబ్భై ఒక్కేళ్లు ఆవిడకి. ఎక్కడెక్కడి వాళ్లో పిలిస్తే వెళ్లలేదు, మనం పిలిస్తే వచ్చారు! ఇదిగో, ఇదీ ఆవిడ పుస్తకం."

అది పుస్తకం కాదు, పుస్తకం తాలూకు అవశేషం. ఇరవై రెండు పుటలు, దేనికదే విడిపోయి, పసుపు రంగు తిరిగిన టేపు పట్టీలతో ఒకదాన్ని పట్టుకుని ఒకటి వేలాడుతున్నాయి.

"వేదిక మీద ఒక పుట ఎగిరిపోయిందో, మన పరువు దాని వెనకాలే," అన్నాడు మాస్టారు. "మా బైండరమ్మ ఉంది, రేపు మధ్యాహ్నానికి చూడండి అని మాటిచ్చేశాను."

"మాటివ్వడం మీది, చెయ్యడం నాదీను," అంది బైండరమ్మ. కానీ లోపల ఒకటే ఉత్సాహం. అంత పెద్దావిడ పుస్తకం, అదీ తన బల్లమీదికి! ఆ సాయంత్రమే టేపులన్నీ వేడి చేసి, చర్మం ఒలిచినంత జాగ్రత్తగా ఊడదీసింది. చిరిగిన మడతలకి సన్నటి కాగితం అతికించింది. తర్వాత పుటల్ని దీపం కింద పెట్టి చూస్తే, వాటి నిండా పెన్సిల్ రాతలు. స్వరాల పైన అంకెలు, కింద కొక్కేలు, బాణాలు, సున్నాలు. "పాపం, ఎవరి పిల్లలు పాడుచేశారో," అనుకుంది. కొత్త రబ్బరు తీసింది. మధ్య నుంచి అంచుకి, ఒకే వైపుకి. రెండు గంటలు తుడిచింది. ఒక్కటి మిగల్చలేదు. తెల్లటి పుటలు చూసి మురిసిపోయి, కుట్టి, గొట్టం పెట్టి, నీలం గుడ్డ అట్ట వేసి ప్రెస్సులో బిగించి ఇంటికి వెళ్లింది. శనివారం పదకొండింటికల్లా పుస్తకం తయారు.

రెండింటికి ఎర్ర బూట్లు కిటికీలో కనిపించాయి. ఈసారి మెట్లు దిగి వచ్చాయి కూడా. పొట్టిగా, చురుగ్గా, తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి. గదిలోకి వస్తూనే గట్టిగా వాసన పీల్చింది.

"మైదా! మా చిన్నప్పుడు గాలిపటాలకి ఇదే. అమ్మాయ్, నువ్వేనా?"

"నేనేనండీ."

బైండరమ్మ పుస్తకాన్ని బల్లమీద పెట్టి, మధ్యకి తెరిచి, చేతులు వెనక్కి కట్టుకుంది. పుస్తకం కదల్లేదు. పెద్దావిడ ఒంగి అటునుంచి చూసింది, ఇటునుంచి చూసింది, ఉఫ్‌మని ఊదింది. అయినా కదల్లేదు.

"ఓహో! ఇంత బుద్ధిగా పడుకున్న పుస్తకం నా జన్మలో చూడలేదు!" అని చప్పట్లు కొట్టింది. తలుపు దగ్గర నిలబడ్డ మాస్టారు, తనే కుట్టినట్టు ఛాతీ విరిచాడు. పెద్దావిడ పుట తిప్పింది. ఇంకో పుట తిప్పింది. చెయ్యి ఆగింది.

"నా అంకెలేవమ్మా?"

"ఏ అంకెలండీ?"

"పెన్సిల్‌తో రాసుకున్నవి."

"అవా! అన్నీ తుడిచేశానండీ," అంది బైండరమ్మ, మొహం వెలిగిపోతుండగా. "రెండు గంటలు పట్టింది. చూడండి, ఒక్కటి ఉంటే నన్నడగండి."

మాస్టారు వెనక్కి ఒక అడుగు వేసి, కూర్చోవడానికి ఏదో దొరికిందనుకుని కూర్చున్నాడు. అది జిగురు బకెట్టు మూత. మూత నిలిచింది, ఆయన ప్రాణమే నిలవలేదు. "రెండు వందల ఎనభై కుర్చీలు," అన్నాడు గొణుగుతూ. "అన్నీ నిండాయి."

పెద్దావిడ అరవలేదు. ఎడమచెయ్యి చాపి చూపుడు వేలు చూపించింది. కీలు దగ్గర వాచి, పక్కకి ఒరిగి ఉంది.

"రెండేళ్ల కిందట ఈ వేలు నాకు సెలవు చెప్పేసింది తల్లీ. తీగ నొక్కలేదు. చిన్నప్పటి నుంచీ ఈ వేలితో వాయించిన రచన ఇది, ముప్పై అయిదు నిమిషాలు. ఇక దీన్ని మానెయ్యండన్నారు అందరూ. నేను మానను అన్నాను. ఏ స్వరానికి ఏ వేలు అని మొత్తం మళ్లీ రాసుకున్నాను, మిగిలిన మూడు వేళ్లతో. రెండేళ్లు సాధన చేశాను. ఇవాళే మొదటిసారి జనం ముందు. పుస్తకంలో అంకె కనిపిస్తే చెయ్యి కొత్త దారిన పోతుంది. కనిపించకపోతే పాత అలవాటు ఊరుకోదు, ఈ వేలే ముందుకు దూకుతుంది. అక్కడితో అయిపోతుంది."

"తిట్టండమ్మా," అంది బైండరమ్మ.

"తిడితే అంకెలు వస్తాయంటే చెప్పు, ఇప్పుడే మొదలుపెడతాను. నాకు బాగా వచ్చు."

బైండరమ్మ ఫోను తీసి మేనమామకి చేసింది. "మావయ్యా, పుస్తకంలో పెన్సిల్ గీతలు తుడిచేశాను."

"తుడవక దాచిపెడతారా?"

"అవి తుడవకూడనివట."

అవతల కాసేపు దగ్గు. "నేను నేర్పినదాంట్లో తప్పు లేదు. నువ్వు అడక్కపోవడంలో ఉంది," అన్నాడు ముసలాయన. తర్వాత గొంతు తగ్గించి, "నీ చెయ్యి ఏం చెబుతోంది? నన్నడగడం కాదు, నీ చేతినడుగు," అని పెట్టేశాడు.

ఆమె అలవాటుగా పుట మీద అరచెయ్యి పెట్టి నిమిరింది. బైండింగు పనివాళ్లందరికీ ఆ అలవాటు ఉంటుంది, కాగితం పోగు ఎటుందో చూసుకోవడానికి. వేలికొసకి ఏదో తగిలింది. సన్నటి గాడి. ఇంకొంచెం పక్కన ఇంకొకటి. ఆమె గబుక్కున బల్లదీపం తీసి, పైనుంచి కాకుండా పుటకి పక్కగా, బల్లకి దాదాపు ఆనించి పెట్టింది. వెలుతురు కాగితం మీదుగా అడ్డంగా పాకింది. తెల్లటి పుటలో, నీడలు నింపుకుని, ఒక్కొక్కటే లేచాయి. రెండు. నాలుగు. మూడు. కొక్కెం. బాణం.

"అమ్మా! మీరు బాగా నొక్కి రాస్తారా?"

"మా ఇంట్లో పెన్సిళ్లు వారానికొకటి విరుగుతాయి."

"అయితే రండి! నేను తుడిచింది నలుపునే. నొక్కు పోలేదు, ఇదిగో, ఇక్కడే ఉంది!"

మాస్టారు బకెట్టు మీంచి లేచాడు. గడియారం రెండున్నర చూపిస్తోంది. ఇరవై రెండు పుటలు. ఏడింటికి కచేరీ.

ఇక మొదలైంది చూడండి పని! మాస్టారు దీపం పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. బైండరమ్మ చెంప బల్లకి ఆనించి, ఒక కన్ను మూసి, గాడిని చూసి అంకె చెబుతుంది. పెద్దావిడ తన కుడి ముంజేతినే చెల్లో తీగలా పట్టుకుని, దాని మీద ఎడమచేతి వేళ్లు ఆడించి చూసుకుంటుంది. చెయ్యి ఒప్పుకుంటే, "ఊఁ, రాయి." బైండరమ్మ సూదిమొనలా చెక్కిన పెన్సిల్‌తో అదే గాడిలో దిద్దుతుంది.

"ఇక్కడ ఒకటి ఉందండీ."

"ఒకటి అంటే చూపుడు వేలు. అది పాతది, వదిలెయ్. దాని మీద ఇంకేదైనా ఉందా?"

"ఉంది. రెండు."

"అదీ మాట! రాయి."

రెండో పుటకే ఆమెకి కన్ను కుదిరింది. పాత గాడుల అంచులు అరిగి మెత్తగా ఉన్నాయి, కొత్తవాటి అంచులు పదునుగా ఉన్నాయి. తాకితే తెలుస్తోంది. అడక్కుండానే పాతవాటిని దాటుకుంటూ పోయింది.

"మాస్టారూ, దీపం కొంచెం కిందికి."

"సంగీతంలో డాక్టరేటు చేశానమ్మా నేను."

"కాస్త కిందికి డాక్టరుగారూ. ఇంకొంచెం. ఆఁ, అలా. కదిలితే మళ్లీ మొదట్నుంచీ."

పెద్దావిడ పకపకా నవ్వింది. నాలుగింటికి ఏడు పుటలు. అయిదింటికి పన్నెండు. మాస్టారి మోకాళ్లు పట్టేసి, పాత పత్రికల కట్ట ఒకటి కిందేసుకున్నాడు. కుర్చీలు సర్దేవాళ్లు ఫోను మీద ఫోను చేస్తున్నారు. "మీ ఇష్టం వచ్చినట్టు సర్దండి, నేను దీపం పట్టుకుని ఉన్నాను!" అని కేకేశాడు. అవతలివాళ్లకి ఏం అర్థమైందో మరి, మళ్లీ చెయ్యలేదు. అయిదుంపావుకి బైండరమ్మ ఇంటాయన బస్సు డ్యూటీ దిగి, ఖాకీ బట్టలతోనే ఆమె కోసం వచ్చి గుమ్మంలో బిత్తరపోయి నిలబడ్డాడు. భార్య బల్లమీద చెంప ఆనించి ఉంది, పక్కన ఒక పెద్దావిడ తన చెయ్యి తనే గిల్లుకుంటోంది, మాస్టారు నేలమీద ఉన్నాడు.

"ఏమోయ్, అంతా కులాసాయేనా?"

"మాట్లాడకండి. అందరికీ టీ పట్రండి," అంది ఆమె, తల ఎత్తకుండానే.

ఆరు దాటాక పద్దెనిమిదో పుటకి వచ్చారు. అక్కడ పుట అంచున, అంకెలకి దూరంగా, బాగా అరిగిపోయిన గాడి ఒకటి కనిపించింది. అంకె కాదు, అక్షరాలు. బైండరమ్మ దీపాన్ని మాస్టారి చేతిలోంచి తనే లాక్కుని, ఇంకా కిందికి దించి, కూడబలుక్కుని చదివింది.

"ఎందుకమ్మా... తొందర... ఊపిరి... తీసుకో."

పెద్దావిడ చెయ్యి ముంజేతి మీద ఆగిపోయింది.

"ఇది మీరు రాసింది కాదు, చేతిరాత వేరు," అంది బైండరమ్మ. "వదిలెయ్యనా?"

"అది మా గురువుగారు రాసింది," అంది పెద్దావిడ నెమ్మదిగా. "నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఎంత వేగంగా వాయిస్తే అంత గొప్ప అనుకునేదాన్ని. ఆవిడ ఇది రాసిస్తే ఒళ్లు మండి, ఇంటికెళ్లి తుడిచేశాను. మర్నాడు ఆవిడ చూసింది గానీ ఏమీ అనలేదు. మళ్లీ రాయలేదు కూడా. యాభై రెండేళ్లయింది." బైండరమ్మ వైపు చూసి, కళ్లు చికిలించి నవ్వింది. "చూశావా, ఈ పుస్తకంలో మొదట తుడిచింది నువ్వు కాదు. నేనే."

"మరి దీన్ని..."

"దిద్దు. అన్నిటికంటే నల్లగా దిద్దు."

ఆరూ నలభై రెండుకి ఆఖరి అంకె పడింది. మొత్తం అంకెలూ గుర్తులూ కలిపి ఆరు వందల ముప్పై ఒకటి. ఇది నేను ఊరికే చెప్పడం లేదు, ఆమె తర్వాత కూర్చుని లెక్కపెట్టింది. మాస్టారు లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి, బైండరమ్మ ఇంటాయన రెక్క పట్టుకుని మెట్లెక్కించాడు. పెద్దావిడ పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, ఎర్ర బూట్లతో రెండేసి మెట్లు ఎక్కుతూ వెనక్కి తిరిగింది.

"నువ్వు రావా?"

"నేనా? జిగురు బట్టలండీ ఇవి..."

"పుస్తకం మూసుకుపోతే ఎవర్ని తిట్టాలి నేను? పద!"

అలా బైండరమ్మ ఇరవై ఆరేళ్లలో మొదటి కచేరీకి వెళ్లింది. హాల్లోకి కాదు, ఇంటాయనతో కలిసి వేదిక పక్క తెర వెనక్కి. అక్కణ్ణించి ఆమెకి కనిపించింది మూడే: పెద్దావిడ ఎడమచెయ్యి, స్టాండు మీద నీలం అట్ట పుస్తకం, వేదిక మీద కూడా విప్పని ఎర్ర బూట్లు. కమాను తీగ మీద పడగానే ఆ లోతైన నాదం వేదిక చెక్కల్లోంచి పాకి ఆమె అరికాళ్లలోకి వచ్చింది. మూడు వందల పది పుస్తకాలు కుట్టాను, లోపల ఇదా ఉన్నది, అనుకుంది. నోరు తెరుచుకుపోయింది. మాస్టారు పక్కనుంచి రుమాలు అందించాడు, తనక్కూడా కావాలని వెంటనే వెనక్కి లాక్కున్నాడు.

మొదటి పుట తిరిగింది. పుస్తకం బుద్ధిగా పడుకుంది. పెద్దావిడ కళ్లు అంకె మీదికి, వేళ్లు తీగ మీదికి. రెండు, నాలుగు, మూడు. చూపుడు వేలు ఒకసారి ఉలిక్కిపడి లేచింది. అంకె చూసి మళ్లీ సర్దుకుంది. ఆ క్షణంలో బైండరమ్మ ఇంటాయన చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, మర్నాడు బస్సు స్టీరింగు తిప్పుతుంటే ఆయనకి నొప్పి తెలిసిందట. పదో పుట. పద్నాలుగు. వేగం పెరుగుతోంది, కమాను కనబడనంతగా పరిగెడుతోంది, హాలంతా కుర్చీల అంచున ఉంది.

పద్దెనిమిదో పుట తిరిగింది. పెద్దావిడ కళ్లు అంచుమీదికి వెళ్లాయి. కమాను ఆగింది.

తప్పిందేమోనని మాస్టారి ప్రాణం పైకి లేచింది. లేదు. ఆవిడ భుజాలు మెల్లగా పైకి లేచి, మెల్లగా దిగాయి. ఊపిరి. రెండు వందల ఎనభై మందీ ఆవిడతోపాటే ఊపిరి తీసుకున్నట్టు వినిపించింది. అప్పుడు మొదలుపెట్టిన స్వరం ఎలా ఉందో రాయడం నా వల్ల కాదు. బైండరమ్మని అడిగితే, "ప్రెస్సులోంచి తీసిన పుస్తకం మొదటిసారి తెరుచుకున్నట్టు," అంటుంది. ఆమెకి తెలిసిన గొప్ప అదే మరి.

చివరి స్వరం అయ్యాక హాలు చేసిన చప్పుడుకి తెర ఊగింది. పెద్దావిడ మూడుసార్లు వంగి నమస్కరించి, నాలుగోసారి పుస్తకాన్ని స్టాండు మీంచి తీసి, జనం వైపు తెరిచి పట్టుకుని, తెర వెనక్కి వేలు చూపించింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అయినా చప్పట్లు కొట్టారు. బైండరమ్మకి మాత్రం అర్థమైంది. జిగురు చేతులు కొంగుతో తుడుచుకుంటూ అలా నిలబడిపోయింది.

సోమవారం పొద్దున ఆమె బల్ల ఎదుటి గోడకి కొత్త కాగితం ఒకటి అతికించింది. మేనమామ రూల్స్‌కి పైన, పెద్ద అక్షరాలతో: "తుడిచే ముందు ఎవరిదో కనుక్కో." ముసలాయన కర్ర పట్టుకుని మరీ వచ్చి చూశాడు. "నా రూలు మీద రూలా? అక్షరాలు వంకర," అన్నాడు. బయటికి వెళ్లి మాత్రం లైబ్రరీ గేటు దగ్గర కాపలా మనిషికి, టీ కొట్టతనికి, తెలియని ఇద్దరు విద్యార్థులకి, ఆరు వందల ముప్పై ఒకటి అనే అంకెతో సహా మొత్తం కథ చెప్పాడు. ఇప్పటికీ చెబుతూనే ఉన్నాడు.

రెండు వారాలకి పెద్దావిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడ నేర్పే సంగీత పాఠశాలలో గురువుగారివి రెండు పెట్టెల స్వరాల పుస్తకాలు ఉన్నాయట, అరవై మూడు. ఎవరెవరి చేతులో మారి, తుడిచినవే ఎక్కువట. "వాటిలో ఆవిడ ఇంకా ఏమేం చెప్పిందో నాకు చదివిపెట్టు. కుట్టడం తర్వాత. నీ దీపం నువ్వే తెచ్చుకో, ఇక్కడివి వంగవు," అని రాసింది. లైబ్రరీ పద్దెనిమిది రోజుల సెలవిచ్చింది. విశ్వవిద్యాలయం బైండింగు గది నుంచి ఒక మనిషిని ఎవరైనా అతిథిగా పిలవడం ఇదే మొదలు. ఆ మాట ఈసారి వార్షిక నివేదికలో పేరుతో సహా పడుతుందని మాస్టారు మాటిచ్చాడు.

మార్చి రెండో తేదీ పొద్దున్నే, ఒక చేతిలో సూదుల డబ్బా, ఒక చేతిలో బల్లదీపం పట్టుకుని ఆమె రైలెక్కింది. ఇంటాయన బండి కదిలేదాకా, "దీపం జాగ్రత్త, నీ సంగతి నువ్వు చూసుకోగలవు," అంటూనే ఉన్నాడు. రోజూ సాయంత్రం ఫోను వస్తుంది. నిన్నటికి ఇరవై తొమ్మిది పుస్తకాలు చదివిందట. ఒకదానిలో "ఇవాళ బాగుంది" అన్న మాట దొరికితే, పెద్దావిడ ఆ పుట పట్టుకుని గదంతా తిరిగిందట.

ఇక్కడ మాస్టారు తరువాతి కచేరీకి వచ్చే వయొలిన్ అతిథి పుస్తకాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా అలమరలో పెట్టి తాళం వేశాడు. ఆ కచేరీ ఇరవయ్యో తేదీన. తెర వెనక కాదు, హాల్లోనే, మొదటి వరసలో నాలుగో కుర్చీ బైండరమ్మ కోసం ఉంచాడు. మేనమామ గోడ క్యాలెండరులో ఒక గడి చుట్టూ గుండ్రంగా గీశాడు. పెన్సిల్‌తో కాదు, ఎవరూ తుడవకుండా ఇంకుతో. ఆమె బండి దిగేది ఆ రోజే: మార్చి పంతొమ్మిది, గురువారం.